పాత ఎస్టీమ్ కింద బోల్టులన్నీ తుప్పుతో బిగుసుకున్నాయి: ఒకటి తెగింది, ఒకటి నట్టుతో సహా తిరుగుతోంది

ఉప్పుగాలి_ఎస్టీమ్
మాది 2003 మారుతి ఎస్టీమ్. వైజాగ్‌లో కొన్నది, వైజాగ్‌లోనే తిరిగింది, రాత్రంతా బీచ్ రోడ్డుకి రెండు వీధుల ఇవతల ఆరుబయటే ఉంటుంది. గతుకుల్లో ముందు ఎడమవైపు టకటకమంటుంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది ఇనప చెయ్యి) బుష్‌లు, అంటే దాని కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు, పోయాయన్నారు. మార్చేయమని దగ్గర్లోని షెడ్డులో ఇచ్చాను. సాయంత్రం ఫోను, "సార్, బోల్టులు రావట్లేదు, ఒకసారి వచ్చి చూడండి" అని.

వెళ్లి చూశా. స్టెబిలైజర్ బార్‌ని (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) బాడీకి పట్టుకునే క్లాంపుకి రెండు బోల్టులు. ఒకదాని తల తెగి చేతికొచ్చింది, మిగతాది లోపలే ఉండిపోయింది. రెండోది హాయిగా తిరుగుతోంది, ఎంత తిప్పినా బయటికి మాత్రం రాదు. బాడీ లోపల వెల్డు చేసి ఉండే నట్టు ఊడి, బోల్టుతో పాటే తిరుగుతోందట. ఇక లోయర్ ఆర్మ్ బోల్టుకి నట్టు వచ్చేసింది గానీ బోల్టు బుష్ మధ్యలో ఉండే ఇనప గొట్టానికి అతుక్కుపోయింది. సుత్తితో కొడితే రబ్బరు ఊగుతోందే తప్ప బోల్టు జరగట్లేదు.

మెకానిక్‌ది ఒకటే మాట: "గ్యాస్ కటింగ్ పెట్టేద్దాం సార్, పది నిమిషాల పని." నాకేమో టెన్షన్. పెట్రోలు పైపు, బ్రేకు పైపు అన్నీ ఆ పక్కనుంచే పోతున్నాయి. పని ఆపించాను, బండి స్టాండ్ల మీదే ఉంది. ఇలాంటివి చేయించినవాళ్లుంటే చెప్పండి, గ్యాస్ పెట్టకుండా దారి ఉందా?

అమ్మేయ్_బ్రో
ఉంది. ఓఎల్ఎక్స్.

చింతకాయ్
చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టండి. మా అమ్మమ్మ ఇత్తడి బిందెలన్నీ అలాగే మెరిపించేది.

ఆటోనగర్_కుర్రాడు
మీ మెకానిక్‌ని తప్పు పట్టకండి అన్నా. మాది విజయవాడ ఆటోనగర్, మా నాన్న షెడ్డులో రోజూ గ్యాస్ పెట్టే బోల్టులు తీస్తాం. తడి గోనెపట్టా అడ్డం వేస్తాం, పక్కన బకెట్‌తో నీళ్లు పెట్టుకుంటాం, అయిపోతుంది. ఒక్కో బోల్టు దగ్గర గంటలు కూర్చుంటే మా కూలి ఎవరిస్తారు? గ్యాస్ అంటే భయపడేవాళ్లు ఆ పని చూడనివాళ్లే.

జెన్_కాకినాడ
మీవన్నీ డీజిల్ లారీలు తమ్ముడూ. మందంగా చేయంత ఛాసిస్. ఇది పెట్రోలు కారు, రేకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. కటింగ్ మంట పెడితే బోల్టు కన్నా ముందు రేకే కారిపోతుంది.

ఆటోనగర్_కుర్రాడు
కార్లూ చేస్తాం. చెయ్యి తిరిగినవాడు పడితే రేకుకి ఏమీ కాదు.

షిప్‌యార్డ్_ఫిట్టర్
నేను హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఉప్పునీళ్లలో బిగుసుకున్న బోల్టులతోనే జీవితం గడిచింది కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక తేడా. కాల్చడం వేరు, కొయ్యడం వేరు. కాల్చడం అంటే నట్టుని వేడి చేసి పెద్దది చెయ్యడం, లోపలి తుప్పుని పగలగొట్టడం. దానికి చిన్న బ్లో లాంప్ చాలు. కొయ్యడం అంటే ఆక్సిజన్ వదిలి ఇనుమునే కాల్చేయడం. మీ మెకానిక్ అన్నది రెండోది. కారు కింద దాని అవసరం ఇక్కడ నాకు కనిపించడం లేదు. ఉన్నవి మూడు రోగాలు, మూడింటికీ ఒకే మందు వెయ్యకూడదు.

లోయర్ ఆర్మ్ బోల్టు సులువైనది. దాన్ని బయటికి కొట్టాలని ప్రయత్నించకండి, బ్రాకెట్ చెవులు వంగిపోతాయి. ఆర్మ్ ఎలాగూ కొత్తది వేస్తారు కదా. బ్రాకెట్‌కీ బుష్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది. అందులో హ్యాక్సా బ్లేడు గానీ, కరెంటుతో ముందుకీ వెనక్కీ ఆడే రంపం గానీ దూర్చి బోల్టుని రెండువైపులా కోసేయండి. ఆర్మ్ బోల్టు ముక్కతో సహా కిందికి వచ్చేస్తుంది. గ్రైండర్ డిస్కు పెడితే రబ్బరు అంటుకుని కంపు పొగ వస్తుంది, కాబట్టి రంపమే మేలు.

తల తెగిన బోల్టు సంగతి క్లాంపు తీశాక చూడాలి. క్లాంపు మందం మేరకు ముక్క బయటికి కనిపిస్తుంది. దానిమీద ఒక నట్టు కూర్చోబెట్టి, నట్టు బొక్కలోంచి వెల్డింగ్ నింపాలి. అప్పుడు కొత్త తల వస్తుంది, దానికి మించి ఆ వెల్డింగ్ వేడి నేరుగా బోల్టులోకే దిగుతుంది. ఎరుపు తగ్గేదాకా ఆగి రింగ్ స్పానర్ పెట్టాలి. ఒకేసారి విప్పేద్దామని గుంజకూడదు. ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, మళ్లీ బిగించే వైపు. కిరకిరమని చప్పుడు వచ్చిందంటే తుప్పు విరుగుతోందని లెక్క. వేడిగా ఉన్నప్పుడే కొవ్వొత్తి ముక్క ఆనిస్తే మైనం కరిగి చుట్ల లోపలికి పాకుతుంది. నూనె ఆవిరైపోయే చోట మైనం నిలబడుతుంది.

మూడోదే అసలు తలనొప్పి. దాని గురించి రాత్రికి రాస్తాను, మనవడికి లెక్కలు చెప్పాలి.

చింతకాయ్
ఫిట్టర్ గారూ, సస్పెన్షన్ గురించి రాస్తూ సస్పెన్స్‌లో పెట్టారు.

కొత్తలైసెన్స్
ఇంత కష్టం ఎందుకు, డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేస్తే రాదా? యూట్యూబ్‌లో అందరూ అదే కొడుతున్నారు.

రాణిగంజ్_రింగ్
దాని పేరులో డబ్ల్యూడీ అంటేనే నీళ్లని తరిమేది అని. తడి పోగొట్టడానికి పుట్టిన సరుకు. ఆ మామూలు డబ్బా బిగుసుకున్న చుట్ల లోపలికి పెద్దగా దిగదు. చుట్ల లోపలికి పాకడానికి పెనెట్రేటింగ్ ఆయిల్ అని వేరే అమ్ముతారు. అదీ కొట్టిన ఐదు నిమిషాలకి స్పానర్ పడితే లాభం లేదు. రాత్రి కొట్టి, పొద్దున మళ్లీ కొట్టి, మధ్యమధ్యలో సుత్తితో బోల్టు తలమీద చిన్నచిన్న దెబ్బలు వేస్తూ ఉండాలి.

పాతబండి_బాబాయ్
మా రోజుల్లో కిరసనాయిలూ బ్రేకు ఆయిలూ కలిపి పోసేవాళ్లం. రాజమండ్రిలో నా అంబాసిడర్ టాక్సీ అలాగే గడిచింది. దానికి అంగుళాల స్పానర్లు, మిల్లీమీటరు స్పానర్ పెట్టామా తల గుండ్రం. ఇప్పుడు అంబాసిడరే లేదు, 2014లో ఫ్యాక్టరీ ఆపేశారు. స్పానర్లు మాత్రం ఇంట్లో ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.

మిషిగన్_తుప్పు
యాసిటోన్, ఆటోమేటిక్ గేర్ ఆయిల్ సగం సగం కలిపి వాడేవాళ్లు ఇక్కడ చాలామంది. పనిచేస్తుంది కానీ కాసేపటికే రెండూ విడిపోతాయి, వాడే ముందు ప్రతిసారీ కుదపాలి. పైగా యాసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. అది పోసిన చోట మంట పెట్టే ఆలోచన ఉంటే మాత్రం అస్సలు వద్దు. ఫిట్టర్ గారు చెప్పిన వెల్డింగ్, ఈ మిశ్రమం రెండూ ఒకే రోజు ఒకే బోల్టుకి వద్దు.

మీ వైజాగ్ తుప్పు చూసి జాలి పడుతున్నా గానీ, మా డెట్రాయిట్ వైపు రండి ఒకసారి. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే, దాదాపు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. పదేళ్ల కారుని లిఫ్ట్ ఎక్కిస్తే రేకు రేకుగా రాలుతుంది. మా ఇంట్లో టూల్ బాక్సు కన్నా విరిగిన బోల్టుల డబ్బానే పెద్దది.

అమ్మేయ్_బ్రో
మిషిగన్ మామా, అక్కడా ఓఎల్ఎక్స్ ఉందా?

మెటలర్జీ_మేడమ్
చింతకాయ్ సరదాగా అన్నారు గానీ చింతపండు మాటలో పాయింటు ఉంది. అందులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం తుప్పుని నిజంగానే కరిగిస్తాయి. ఊడదీసిన మామూలు బోల్టుల్ని అలా శుభ్రం చేసుకోవచ్చు. కాకపోతే తలమీద 10.9 లేదా 12.9 అని (అది బలం చెప్పే గ్రేడు) రాసి ఉన్నవాటిని ఆమ్లంలో నానబెట్టకండి. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడి పెళుసు చేస్తుంది. బిగించిన రోజు బాగానే ఉంటుంది, తర్వాత ఎప్పుడో హఠాత్తుగా తెగుతుంది. సస్పెన్షన్‌లో ఈ రకం కూడా ఉంటాయి.

బోల్టు ఎందుకు బిగుసుకుంటుందో కూడా చెప్పాలి. తుప్పు అది పుట్టిన ఇనుము కన్నా రెండింతలకు మించి చోటు తీసుకుంటుంది. చుట్ల మధ్య సందు వెంట్రుకంత. అక్కడ తుప్పు పెరిగిందంటే నట్టునీ బోల్టునీ లోపల్నుంచి ఒత్తేస్తుంది. సముద్రం దగ్గర ఇంకో తంటా ఉంది. ఉప్పు తనంతట తాను గాల్లో తడి లాగుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే పొడి ఉప్పు కరిగి ద్రవమవుతుంది. వైజాగ్‌లో చాలా రాత్రిళ్లు ఆ గీత దాటుతాయి. వాన పడకపోయినా మీ కారు కింద బోల్టులు ఉప్పునీళ్లలో ఉన్నట్టే.

చింతకాయ్
జీవితంలో మొదటిసారి నా కామెంట్‌లో పాయింటు దొరికింది. స్క్రీన్‌షాట్ తీసి మా ఆవిడకి పంపాను.

ఉప్పుగాలి_ఎస్టీమ్
మేడమ్, మీరు చెప్పాక ఇంటికెళ్లి నా సైకిల్ కూడా చూశాను, చైను ఎర్రగా ఉంది. ఫిట్టర్ గారూ, మూడోదాని కోసం ఎదురుచూస్తున్నా. ఆ లోపు ఒక డౌటు. వీటి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయించేస్తే? తుప్పు బాధే ఉండదు కదా. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతున్నాయి.

రాణిగంజ్_రింగ్
వద్దన్నా. షాపుల్లో ఉండే స్టెయిన్‌లెస్ బోల్టు తలమీద ఏ2-70 అని ఉంటుంది. మేడమ్ గారు వివరంగా చెప్తారు, నాకు తెలిసిందల్లా అది సాగుతుంది.

మెటలర్జీ_మేడమ్
అవును. ఏ2-70 సుమారు 450 మెగాపాస్కల్ దగ్గర శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. 8.8 గ్రేడు బోల్టుకి అది 640, 10.9కి 900. అంటే కంపెనీ 10.9 ఇచ్చిన చోట స్టెయిన్‌లెస్ వేస్తే సగం బలంతో సరిపెట్టినట్టు. పైగా స్టెయిన్‌లెస్ నట్టు, స్టెయిన్‌లెస్ బోల్టు పొడిగా బిగిస్తే చుట్లు ఒకదాన్నొకటి కొరుక్కుని తుప్పు లేకుండానే అతుక్కుపోతాయి. ఇంజను కింది ప్లాస్టిక్ కవరుకి, మడ్ ఫ్లాపుకి వేసుకోండి, అభ్యంతరం లేదు. చక్రాన్ని పట్టుకునే చోట వద్దు.

జెన్_కాకినాడ
బోల్టుల సైజు మాటొచ్చింది కాబట్టి నా అనుభవం ఒకటి. నా మారుతి జెన్ వెనక సీటు బెల్టు బోల్టు కింద కొస ఫ్లోరు దాటి బయటికి కనిపిస్తుంది, బురదంతా దానికే. ఒక షెడ్డువాడు దాన్ని బలవంతంగా విప్పాడు, చుట్లు పోయాయి. పది మిల్లీమీటర్ల బోల్టు పెడితే లూజు, పన్నెండు పట్టట్లేదు. "ఇదేం విచిత్రం సార్" అని పన్నెండు ట్యాప్ (కన్నంలో చుట్లు కోసే పనిముట్టు) వేసేశాడు. బిగుసుకుందని నేనూ ఊరుకున్నా. తర్వాత ఇంకో మెకానిక్ చూసి తల పట్టుకున్నాడు.

మిషిగన్_తుప్పు
సీటు బెల్టు బోల్టులు జపాన్ కార్లతో సహా చాలావాటిలో అంగుళాల లెక్కే. 7/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. మిల్లీమీటర్లలో 11.1 అవుతుంది, అందుకే పదీ కుదరదు, పన్నెండూ కుదరదు. అలా ట్యాప్ వేసిన నట్టుని వాడకండి సార్. కొత్త నట్టు వెనక మందపాటి ప్లేటుతో వెల్డు చేయించండి. అక్కడ పడేది మనిషి బరువు.

పాతబండి_బాబాయ్
చూశారా, అంగుళాల స్పానర్లు అడిగినవాడే లేడు.

షిప్‌యార్డ్_ఫిట్టర్
మనవడికి లెక్కలు అయిపోయాయి. ఇప్పుడు తిరిగే నట్టు.

ముందు చేయాల్సింది, బోల్టు తలకింద బలమైన స్క్రూడ్రైవరో చిన్న ప్రై బారో దూర్చి కిందికి లాగుతూ తిప్పడం. ఆ లాగుడికి లోపలి నట్టు రేకుకి ఒరుసుకుని నిలబడితే బోల్టు వచ్చేస్తుంది. అదృష్టం ఉంటే ఇంతటితో అయిపోతుంది. తుప్పు ఎక్కువైతే కుదరదు.

కుదరకపోతే తల కోసేసి క్లాంపు దించండి. మిగిలిన ముక్కని నట్టుతో సహా లోపలికి తోసేయండి. బాడీ కింద రేకుని డబ్బాలా మలిచిన బాక్సులో అది గలగలమంటుంది, పక్కన కన్నముంటే అయస్కాంతంతో బయటికి లాగొచ్చు. తర్వాత ఐదారు మిల్లీమీటర్ల మందం ఇనప పట్టీ తీసుకుని, క్లాంపు బోల్టుల మధ్య దూరం కొలిచి, అదే దూరంలో రెండు కన్నాలు వేసి, వెనక రెండు నట్లు వెల్డు చేయించండి. ఆ పట్టీని దగ్గర్లో ఉన్న కన్నంలోంచి బైండింగ్ వైరుతో లోపలికి లాగి సరైన చోట కూర్చోబెట్టాలి. ఓర్పు కావాలి, వైరు మాత్రం బోల్టు పట్టేదాకా వదలకండి. ఒకసారి బోల్టు పట్టిందంటే పాత నట్టు కన్నా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే బరువు రేకులో ఒక చుక్క మీద కాకుండా పట్టీ పొడుగునా పడుతుంది.

పట్టీ దూరే కన్నం లేకపోతే బాక్సు పక్కగోడకి చిన్న కిటికీ కోసి, స్పానర్ దూర్చి, పని అయ్యాక ఆ ముక్కనే తిరిగి వెల్డు చెయ్యాలి. అది ఆఖరి మార్గం.

ఆటోనగర్_కుర్రాడు
పట్టీ ఐడియా సూపర్ తాతయ్యా. మేం లారీ బాడీలకి చేస్తాం, కారుకి తట్టలేదు. కానీ మొదటి బోల్టుకి వెల్డు నట్టు పెట్టే బదులు డ్రిల్లు వేసి ఈజీ అవుట్ (తెగిన ముక్కని లోపల్నుంచి పట్టి తిప్పే పనిముట్టు) పెడితే సరిపోదా?

షిప్‌యార్డ్_ఫిట్టర్
ఈజీ అవుట్ పేరులోనే ఈజీ. తుప్పుతో బిగిసినదానికి అది పెడితే తొంభై పాళ్లు అదే లోపల విరుగుతుంది. దాని ఉక్కు మామూలు డ్రిల్లుకి లొంగదు. అప్పుడు పిల్లి పోయి పులి వచ్చినట్టు. డ్రిల్లు వెయ్యాల్సి వస్తే సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్ కొట్టి, మూడు మిల్లీమీటర్లతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకుంటూ పోయి, చివరికి 8.8 మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఆపి, ట్యాప్‌తో మిగిలిన చుట్లు గీరెయ్యాలి. కింద పడుకుని నెత్తిమీద డ్రిల్లు పట్టుకుని మధ్యలో వెయ్యడం ఎంత కష్టమో నీకు నేను చెప్పక్కర్లేదు. కళ్లద్దాలు పెట్టుకో నాయనా, రజను కళ్లలో పడుతుంది.

కొత్తలైసెన్స్
8.8 డ్రిల్లా? పది బోల్టుకి 8.5 అని మా ఐటీఐలో చెప్పారే.

రాణిగంజ్_రింగ్
మంచి ప్రశ్న, అందరూ పడే గొయ్యి ఇదే. హార్డ్‌వేర్ షాపులో పది నంబరు బోల్టు అడిగితే 1.5 పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) ఇస్తారు, దానికి 8.5 డ్రిల్లు. మారుతి లాంటి జపాన్ మూలాల బండ్లలో పది బోల్టు మామూలుగా 1.25 పిచ్, సన్న చుట్లు, తలకి 14 స్పానర్. దానికి 8.8. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. 1.5 బోల్టుని 1.25 నట్టులో పెడితే రెండు చుట్లు వెళ్లి బిగుస్తుంది. "తుప్పు సార్" అని పైపు వేసి బిగిస్తారు, నట్టు సర్వనాశనం. సగం కార్ల కింద నట్లు తుప్పుతో పోవు, ఇలాగే పోతాయి. పిచ్ గేజ్ వంద రూపాయల వస్తువు, జేబులో పెట్టుకోండి.

ఇంకొకటి, పాత చుట్లు మురికిగా ఉంటే ట్యాప్ కాకుండా చేజర్ పెట్టండి. ట్యాప్ ఇనుముని కోస్తుంది, చేజర్ శుభ్రం చేస్తుంది. చేజర్ లేకపోతే మంచి బోల్టు ఒకటి తీసుకుని దాని చుట్లకి పొడుగునా రంపంతో రెండు గాట్లు పెట్టండి, పనైపోతుంది.

జెన్_కాకినాడ
హెలికాయిల్ గురించి ఎవరూ అనలేదే? మా అబ్బాయి బుల్లెట్‌కి స్పార్క్ ప్లగ్ దగ్గర వేయించాడు, బ్రహ్మాండంగా ఉంది.

మెటలర్జీ_మేడమ్
అల్యూమినియంలో చుట్లు పోతే హెలికాయిల్ మంచి వైద్యం. గేర్ బాక్సు కేసింగు, సిలిండర్ హెడ్ లాంటివి. స్టీలు తీగ చుట్టలు మెత్తటి లోహానికి కొత్త చుట్లు ఇస్తాయి. కానీ ఇక్కడ నట్టే రేకు నుంచి ఊడింది, చుట్లది కాదు సమస్య.

అమ్మేయ్_బ్రో
సీరియస్‌గా అడుగుతున్నా. లేబర్, ఆర్మ్, వెల్డింగ్, అలైన్‌మెంట్ అన్నీ కలిపితే కారు ధరలో ఎంత? 2028లో మళ్లీ ఆర్సీ రెన్యువల్. ఇరవై ఏళ్లు దాటిన కారుకి ఇప్పుడు ఫీజే పది వేలు. సెంటిమెంటు తీసేసి లెక్క వేయండి.

ఉప్పుగాలి_ఎస్టీమ్
లెక్క వేస్తే మీరే కరెక్టు బ్రో. కానీ ఆ కారు మా నాన్నగారిది. ఆయన ఇప్పటికీ అందులోనే సింహాచలం వెళ్తానంటారు. కొత్త కారు ఎక్కితే కింద కూర్చున్నట్టుంది అంటారు, ఎస్టీమే కింద ఉంటుంది నిజానికి.

అమ్మేయ్_బ్రో
సరే, నాన్నగారు అన్నాక ఇంక మాట్లాడను. హ్యాండిల్ మాత్రం మార్చుకోను.

మిషిగన్_తుప్పు
వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ టెర్మినల్స్ తీయించండి. ఎస్టీమ్‌లో ఎంపీఎఫ్ఐ (పెట్రోలు ఇంజెక్షన్) కదా, దాన్ని నడిపే ఈసీయూ అనే కంప్యూటరు ఉంటుంది. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చోటికి దగ్గర్లో శుభ్రంగా గీరిన రేకుకే పెట్టమనండి, ఇంజనుకి కాదు. బ్రేకు క్లీనర్ కొట్టిన చోట వేడి పెట్టనివ్వద్దు, క్లోరిన్ ఉన్న రకాలు కాలితే ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది. జింకు పూత ఉన్న బోల్టు కాలినా పొగ పీల్చకూడదు.

ఆటోనగర్_కుర్రాడు
కొత్త ఆర్మ్ వేశాక బోల్టులు గాల్లో ఉండగా ఫుల్ టైట్ చేయనివ్వకండి. సగం పట్టించి, బండి కిందికి దించి, చక్రాల మీద బరువు పడ్డాక ఫైనల్ టైట్. లేకపోతే రబ్బరు మెలితిరిగిన స్థితిలో బిగుసుకుంటుంది, ఏడాది తిరక్కుండా మళ్లీ టకటక. మా నాన్న దీని గురించి ఎన్నిసార్లు తిట్టారో.

జెన్_కాకినాడ
ఇది బంగారం లాంటి మాట. షోరూముల్లో కూడా కొందరు ఇది చెయ్యరు.

ఉప్పుగాలి_ఎస్టీమ్
అప్‌డేట్. మెకానిక్‌కి ఫిట్టర్ గారి పోస్టు చదివి వినిపించాను. మొదట మొహం మాడ్చుకున్నాడు, పట్టీ మాట విన్నాక "అది నేనే చేస్తా సార్" అన్నాడు. ఆర్మ్ బోల్టుని రంపంతో కోశారు, ఎక్కువసేపు పట్టలేదు. తల తెగిన ముక్కకి నట్టు వెల్డు చేసి, కొవ్వొత్తి పెట్టి, అటూ ఇటూ ఆడిస్తే కిరకిరమంటూ వచ్చేసింది. షెడ్డులో పిల్లలంతా చప్పట్లు. తిరిగే బోల్టు లాగుడికి లొంగలేదు, తల కోసి లోపలికి తోశారు.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఊడిన నట్టు చుట్టూ రేకు పొరలు పొరలుగా ఉంది. స్క్రూడ్రైవర్ ఒత్తితే దిగింది. పట్టీ పెట్టినా పట్టీ ఆనడానికి రేకు ఉండాలి కదా? పైన ఒక ప్యాచ్ వేసి వెల్డు చేసేద్దామంటున్నాడు.

షిప్‌యార్డ్_ఫిట్టర్
తుప్పు మీద ప్యాచ్ వెయ్యనివ్వకండి. రెండు రేకుల మధ్య తడి చిక్కుకుని లోపల తినేస్తూ ఉంటుంది, బయటికి నునుపుగా కనిపిస్తుంది. మెత్తబడిన భాగమంతా కోసేసి, స్క్రూడ్రైవర్ దిగని గట్టి రేకు వచ్చేదాకా వెళ్లి, అక్కడ్నుంచి అదే మందం కొత్త రేకు అంచుకి అంచు పెట్టి వెల్డు చెయ్యాలి. పట్టీ ముందే లోపల పెట్టుకోవాలి. అది సస్పెన్షన్ బరువు మోసే చోటు, అందుకని షెడ్డులో అందరికీ అప్పజెప్పకండి. గాజువాక ఆటోనగర్‌లో ఆక్సిడెంట్ బండ్ల ఛాసిస్ పని చేసేవాళ్లు ఉంటారు. కుళ్లిన భాగం అరచేయి దాటి పోతే నేనూ అమ్మేయ్_బ్రో పక్షమే.

అమ్మేయ్_బ్రో
చరిత్రాత్మక దినం.

ఉప్పుగాలి_ఎస్టీమ్
రెండు వేళ్ల వెడల్పే ఉంది, అవతల గట్టిగానే ఉంది, నేనే గుచ్చి చూశాను. గాజువాకలో ఒకాయన్ని పట్టుకున్నాను, సోమవారం చేస్తానన్నాడు. వెల్డింగ్ అయ్యాక లోపలివైపు పెయింట్ కాలిపోతుంది కదా, దానికేం చెయ్యాలి? వాటర్ సర్వీసింగ్‌వాళ్లు నల్ల ఆయిల్ కొట్టేయండి అంటున్నారు.

పాతబండి_బాబాయ్
నల్ల ఆయిల్ కొట్టు బాబూ. లారీలు అలాగే బతుకుతున్నాయి.

జెన్_కాకినాడ
కొత్తగా వేసిన బుష్‌ల మీద కూడానా బాబాయ్? రబ్బరు ఉబ్బిపోతుంది. లారీకి కమాను కట్టలు, దీనికి రబ్బరు బుష్‌లు.

మెటలర్జీ_మేడమ్
కన్నంలోంచి సన్నని గొట్టంతో మైనం ఉన్న క్యావిటీ వ్యాక్స్ కొట్టించండి. అది వెల్డు గీతల్లోకి పాకుతుంది. నల్లటి తారులాంటి అండర్‌కోటింగ్ ఉన్న తుప్పు మీద కొట్టిస్తే ఫిట్టర్ గారు ప్యాచ్ గురించి చెప్పిన కథే మళ్లీ. ముందు గీరి, తుప్పు మార్చే ఫాస్ఫారిక్ ఆమ్లం ద్రావణం పూసి, ఆరాక ప్రైమర్, ఆ తర్వాతే ఏదైనా. వీటన్నింటి కన్నా చవకైన మందు, వారానికోసారి మంచినీళ్లతో బండి అడుగు కడగడం. కడిగాక కాసేపు తిప్పి ఆరనివ్వండి.

మిషిగన్_తుప్పు
కొత్త బోల్టులకి కాపర్ యాంటీ సీజ్ (బిగుసుకుపోకుండా రాసే రాగి గ్రీజు) పూయండి. బుష్ గొట్టం లోపల, బోల్టు ఒంటికి ధారాళంగా.

రాణిగంజ్_రింగ్
ఒంటికి ఓకే. చుట్లకి పూస్తే టార్క్ (బిగించే బలం) తగ్గించాలి, లేకపోతే ప్రమాదం. మాన్యువల్‌లో ఉన్న టార్క్ పొడి చుట్లకి. జారుడు పెరిగితే అదే టార్క్‌కి బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. చక్రాల నట్లకైతే అసలు వద్దనే నేనంటాను.

మిషిగన్_తుప్పు
చక్రాల నట్లకి నేనూ వద్దంటాను. మిగతాచోట్ల టార్క్ పావు వంతు తగ్గించి బిగిస్తా, ఇన్నేళ్లలో ఒక్కటీ వదులవలేదు.

రాణిగంజ్_రింగ్
పావు వంతు అని కళ్లు మూసుకుని చెప్పలేం, గ్రీజుని బట్టి మారుతుంది. నేను చుట్లు వదిలేసి ఒంటికే పూస్తా. మన ఇద్దరికీ కుదరదు, వదిలేద్దాం.

కొత్తలైసెన్స్
టార్క్ రెంచ్ వాడే షెడ్డు ఎక్కడుందో ముందు చెప్పండి.

ఆటోనగర్_కుర్రాడు
మా షెడ్డులో ఉంది. గోడకి వేలాడుతోంది.

ఉప్పుగాలి_ఎస్టీమ్
నవ్వలేక చచ్చా. సోమవారానికి బోల్టులు కొనాలి, పది నంబరు, 1.25 పిచ్, 10.9. ఇక్కడ రెండు షాపుల్లో అడిగితే "అదేం పిచ్ సార్, మామూలుది తీసుకోండి" అంటున్నారు.

రాణిగంజ్_రింగ్
హార్డ్‌వేర్ షాపులో దొరకదు, మారుతి స్పేర్ పార్ట్స్ షాపులో లోయర్ ఆర్మ్ బోల్టు, స్టెబిలైజర్ క్లాంపు బోల్టు అని పేరు చెప్పి అడగండి. పాత బోల్టు ముక్క ఒకటి తీసుకెళ్లండి, తలమీద అంకె చూసి అదే తీసుకోండి. పట్టీకి వెల్డు చేసే నట్లు కూడా అదే పిచ్‌లో అక్కడే కొనండి, మర్చిపోయి 1.5 నట్లు వెల్డు చేయిస్తే పట్టీ లోపలికి పోయాక తెలుస్తుంది. ఎర్రగా కాలిన పాత బోల్టులేవీ మళ్లీ వాడకండి, వేడికి బలం దిగిపోతుంది. అక్కడ దొరకకపోతే నాకు మెసేజ్ పెట్టండి, రాణిగంజ్ నుంచి పార్సిల్ వేస్తా.

జెన్_కాకినాడ
సందులో సందు, నా జెన్‌కి సైలెన్సర్ మానిఫోల్డ్ దగ్గర స్టడ్‌లు (తల లేని బోల్టులు) రావట్లేదు. ఇక్కడే అడగనా, కొత్త చర్చ పెట్టనా?

షిప్‌యార్డ్_ఫిట్టర్
ఇక్కడే అడగండి. ఇంజను వేడిగా ఉందా చల్లగా ఉందా, నట్టు ఇనుముదా ఇత్తడిదా, ముందు అది చెప్పండి.